గేటు వేసే ముందు కారణం రాయండి

(అమెరికాలోని ఐడహో రాష్ట్రం బోయిసీలో తెలుగు కుటుంబాల శీతాకాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

భోజనాల తర్వాత ఉపన్యాసం పెట్టడమంటే వక్తకు వేసే శిక్ష. పులిహోర, గుత్తివంకాయ తిన్నవాళ్ల కనురెప్పలు ఎటు పోతాయో నాకు తెలుసు. అందుకే చట్టాలూ పటాలూ తర్వాత చూద్దాం. ముందు ఒక గేటు సంగతి చెబుతాను.

మూడేళ్ల కిందట ఊరు వెళ్లినప్పుడు అమ్మనూ అక్కనూ తీసుకుని కారులో శ్రీశైలం బయలుదేరాను. హైదరాబాదులోనే ఆలస్యమైంది. డిండి దగ్గర టీ తాగుదామని ఆగాం. మా అక్క లెక్కలో టీ అంటే టిఫిను కూడా కలిసే ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటి పది నిమిషాలు. గేటు పడిపోయింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు అది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. బతిమాలాను. అమెరికా నుంచి వచ్చామని కూడా అన్నాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్కడి గార్డు నవ్వి, "పులికి ఆ సంగతి తెలియదు సార్" అన్నాడు. (నవ్వులు) కారులోనే పడుకున్నాం. ఆరింటికి గేటు లేచింది, వెళ్లిపోయాం.

ఆ గేటు మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు. ఎందుకు వేశారో తెలుసు, ఎప్పుడు తీస్తారో తెలుసు. రాత్రి జంతువులు రోడ్డు దాటుతాయి కాబట్టి రాత్రి మనం ఆగాలి. మన చుట్టూ ఉన్న ఈ పడమటి రాష్ట్రాల అడవుల్లో మంచు మీద నడిచే స్నోమొబైళ్లకు వేస్తున్న గేట్లలో చాలా వాటికి అలాంటి కారణం కనబడదు, తీసే వేళ అసలే కనబడదు. ఈ సాయంత్రం నా ఫిర్యాదంతా ఇదే.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. డిసెంబరు రాగానే వీధిలో ట్రైలర్ అడ్డంపెట్టి పక్కింటివాళ్ల చేత తిట్లు తినే మనిషిని. ఆ ట్రైలర్ మీద ఉండేది స్నోమొబైల్. ఇక్కడివాళ్లు స్లెడ్ అంటారు. ముందు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడుగు పట్టీలు, కింద ఒక రబ్బరు ట్రాక్, పైన మోటారుసైకిలు లాంటి సీటు. మన భాషలో మంచుకు ఒకటే మాట. లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, ఇక్కడ కొండల్లోని మెక్‌కాల్ ఊరు దాటాక కిటికీల దాకా పేరుకునేదీ మంచే. ఈ మూడో మంచులోకి కాలినడకన దిగిచూడండి, నడుము దాకా కూరుకుపోతారు. ఈ బండి తన బరువును అంత పొడుగు ట్రాక్ మీద పరుచుకుంటుంది కనుక మన అడుగు దిగబడినంత లోతుకు దిగబడదు.

దీని పుట్టుక సరదాల్లో లేదు. కెనడాలోని క్విబెక్‌లో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్కు 1934 చలికాలంలో చిన్నపిల్లవాడు జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి చేర్చే బండి లేదు. పిల్లవాడు దక్కలేదు. ఆ తండ్రి 1937లో మంచు మీద నడిచే బండికి పేటెంటు సంపాదించాడు. డాక్టర్లు, ఉత్తరాలు మోసేవాళ్లు, బడిపిల్లలు ఎక్కిన బండ్లు అవి. ఒకరిద్దరు కూర్చునే చిన్న స్లెడ్ 1959లో వచ్చింది. ఈ రోజుకీ మన కొండల్లో ఎవరైనా తప్పిపోతే షెరీఫ్ మనుషులు వెతకడానికి వెళ్లేది దీని మీదే.

నన్ను దీని మీద ఎక్కించింది మా పక్కింటి పెద్దాయన. కాస్కేడ్ ఊళ్లో కలప మిల్లులో పనిచేసేవాడు. ఆ మిల్లు 2001లో మూతపడింది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. స్కీలు వేసుకోలేడు, మంచులో దిగబడకుండా పాదాలకు కట్టుకునే వెడల్పాటి మంచుబూట్లతో అర మైలు నడవలేడు. స్లెడ్ మీద కూర్చుంటే మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాడు. ఒకసారి మా ఆవిడ కట్టిచ్చిన పెసరట్లను డబ్బాలో పెట్టి ఇంజను సైలెన్సర్ పక్కన ఇరికించాడు. కొండ మీదకు చేరేసరికి పొయ్యి మీద నుంచి దించినంత వేడిగా ఉన్నాయి. ఇంజను ఆపేసి, అల్లం పచ్చడి ఏమిటో అడిగి తెలుసుకుని, రెండు తిన్నాడు. ఆ కొండ ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు అటవీ శాఖ గీసిన కొత్త పటంలో అది మూసివేత రంగులో ఉంది. ఎందుకు మూశారని నన్ను అడిగాడు. పటంతో పాటు వచ్చిన కాగితాలు మొత్తం చదివాను. ఆ కొండ పేరు పట్టికలో ఒక వరుసలో ఉంది, కారణం గడిలో మాత్రం "ఏకాంత అనుభవం" అని ఉంది. ఎవరి ఏకాంతం? మా పెద్దాయన అక్కడ ఒంటరిగానే ఉండేవాడు కదా! (నవ్వులు)

సరే, ఇప్పుడు చట్టాల దగ్గరికి వద్దాం. నిద్ర వచ్చేవాళ్లు కాసేపు పడుకోవచ్చు.

మనం ఉంటున్న ఐడహోలో 60 శాతానికి పైగా భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, అంటే కేంద్రానిది. దేశం మొత్తం మీద జాతీయ అటవీ వ్యవస్థ కింద ఉన్నది సుమారు 19.3 కోట్ల ఎకరాలు. ఆ అడవులు కలపకు, మేతకు, నీటికి, జంతువులకు, ప్రజల విహారానికి అన్నింటికీ పనికిరావాలని 1960లో చట్టం చేశారు. 1964లో ఇంకో చట్టం వచ్చింది, కాంగ్రెసు, అంటే ఇక్కడి పార్లమెంటు, ఎంపిక చేసిన చోట్లను వన్యక్షేత్రాలుగా మోటారు లేకుండా వదిలేయాలని. జాతీయ అడవుల్లో అలాంటివి ఇప్పుడు 3.6 కోట్ల ఎకరాల పైమాటే. ఆ చట్టంతో నాకు పేచీ లేదు. ప్రజాప్రతినిధులు ఓటు వేసి గీసిన గీత అది. దాన్ని దాటి లోపలికి స్లెడ్ నడిపేవాడు నా పక్షం మనిషి కాడు. వాడికి జరిమానా రెట్టింపు చేసినా చప్పట్లు కొడతాను.

నా పేచీ మిగతా భూమి గురించి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. రోడ్డు వదిలి తిరిగే వాహనాలకు ఎక్కడ దారి ఉందో, ఎక్కడ లేదో అధికారులు తేల్చాలి, నేలకూ జంతువులకూ ఇతరులకూ కలిగే ఇబ్బందిని తగ్గించాలి అని. 1977లో కార్టర్ దానికి పళ్లు పెట్టాడు. ఎక్కడైనా వాహనాల వల్ల గట్టి హాని జరుగుతుంటే వెంటనే ఆ చోటు మూసేయాలన్నాడు. అక్కడితో ఆపలేదు. ఆ హాని తొలగి, మళ్లీ జరగకుండా ఏర్పాట్లు చేశామని అధికారి తేల్చేవరకు మూయాలన్నాడు. 'వరకు' అన్న ఆ మాటను గుర్తుపెట్టుకోండి. తెరిచినట్టు ప్రకటించని చోటల్లా మూసినట్టే అనే విధానం పెట్టుకోవచ్చని అదే ఉత్తర్వులో ఇంకో వాక్యం కూడా ఉంది, దాచను. అయితే మూసినదాన్ని తిరిగి తెరవడం ఎలాగో ఆలోచించింది కూడా ఆ ఉత్తర్వే. ఆ సగాన్ని అందరూ మరిచిపోయారు.

2005లో అటవీ శాఖ ప్రయాణ నియమావళి తెచ్చింది. నాలుగు చక్రాల బండ్లకు, మోటారుసైకిళ్లకు పటం తప్పనిసరి చేసింది. మంచు మీది వాహనాలను మాత్రం ఆయా అడవుల అధికారుల ఇష్టానికి వదిలింది. మన బోయిసీ నుంచే పనిచేసే ఒక స్కీయర్ల సంస్థ కోర్టుకు వెళ్లింది. 2013లో ఇక్కడి ఫెడరల్ కోర్టు వాళ్ల వైపు తీర్పు చెప్పింది. 2015లో కొత్త నియమం వచ్చింది. మంచు సరిపడా పడే ప్రతి జాతీయ అడవిలో స్లెడ్లకు ఏ దారులు, ఏ తావులు తెరిచి ఉన్నాయో పటం గీయాలి. పటంలో లేని చోటు మూసినట్టే లెక్క.

చూడటానికి చిన్న మార్పు. మీ ఇంట్లోనే పెట్టి చూడండి. నిన్నటి దాకా పూజగది తప్ప మిగతా గదులన్నీ పిల్లలు తిరగొచ్చు. ఈ రోజు నుంచి కాగితం మీద పేరు రాసిన గదులు తప్ప మిగతావన్నీ తాళం. కాగితం రాసేవాడు వంటగదిని మరిచిపోయాడనుకోండి, వంటగది మీద ఎవరికీ ద్వేషం లేకపోయినా అది మూతపడుతుంది. పటాలు గీసే ఆఫీసుల్లో సిబ్బంది తక్కువ, గడువులు ఎక్కువ. అనుమానం ఉన్నచోట వదిలేయడం వాళ్లకు తేలిక. వదిలేసిన చోటుకు కారణం రాయక్కరలేదు.

అలాగని నియమాలే వద్దంటానా? ఎల్లోస్టోన్ జాతీయ పార్కు కథ వినండి, మేం తప్పుచేసిన కథే.

1963లో మొదటి స్నోమొబైళ్లు ఆ పార్కులోకి వెళ్లాయి. తొంభైల నాటికి కొన్ని రోజుల్లో వెయ్యికి పైగా బండ్లు. అన్నీ పాతకాలపు రెండు స్ట్రోకుల ఇంజన్లు, మన పాత లూనాల్లా నూనె పొగ కక్కేవి. పడమటి ద్వారం దగ్గర వరుసకట్టి నిలబడితే నీలం పొగ. టికెట్లు ఇచ్చే సిబ్బంది గదుల్లోకి బయటి నుంచి మంచి గాలి పంపు చేయాల్సివచ్చింది. తర్వాత వాళ్లకు మాస్కులు కూడా ఇచ్చారు. నేను స్లెడ్ నడిపేవాడినైనా ఒప్పుకుంటాను, అది సిగ్గుచేటు. 2000 సంవత్సరం చివర క్లింటన్ ప్రభుత్వం మొత్తం నిషేధించాలని నిర్ణయించింది. బుష్ ప్రభుత్వం దాన్ని తిరగదోడింది. 2003 డిసెంబరులో వాషింగ్టన్‌లో ఒక జడ్జి నిషేధాన్ని తిరిగి నిలబెట్టాడు. రెండు నెలలు తిరగకుండానే వయోమింగ్‌లో ఇంకో జడ్జి దాన్ని ఆపాడు. ఆ పడమటి ద్వారం పక్కనున్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊరు చిన్నది. మోటళ్లు, బండ్ల అద్దె దుకాణాలు, హోటళ్లు. రేపు గేటు తీస్తారో లేదో తెలియకుండా ఆ ఊరివాళ్లు కొన్ని చలికాలాలు గడిపారు. సీజను మధ్యలో బేరాలు రద్దయితే ఎలా ఉంటుందో వ్యాపారం చేసేవాళ్లు ఇక్కడున్నారు, వాళ్లను అడగండి.

చివరికి 2013లో ఏం తేలింది? పొగ సమస్య కనుక పొగకు మందు వేశారు. తక్కువ పొగ, తక్కువ శబ్దం ఉన్న బండ్లనే లోపలికి రానిచ్చారు. అంటే ఆచరణలో దాదాపు అన్నీ నాలుగు స్ట్రోకుల ఇంజన్లే. రోజుకు 50 స్నోమొబైల్ బృందాలకు మించకూడదన్నారు, బృందానికి సగటున ఏడు బండ్లు. ఎక్కువ బృందాల వెంట లైసెన్సున్న గైడు ఉండాలి. సొంతంగా వెళ్లేవాళ్ల కోసం ద్వారానికి రోజుకు ఒక్క బృందం, ఐదు బండ్లు, లాటరీలో పేరు రావాలి. నాకు రెండుసార్లు రాలేదు. (నవ్వులు) అయినా గొణగను. బండ్లు ఆగి దారి ఇస్తాయి, బైసన్ మంద రోడ్డు దాటుతుంది, జనం చూస్తారు, ఊరూ నిలబడింది. అప్పట్లో నిషేధంతోనే వదిలేసి ఉంటే ఈ బండ్లను శుభ్రం చేయాలన్న ఒత్తిడి కంపెనీల మీద ఇంత ఉండేదా అని నాకు అనుమానం.

(సభలోంచి ఒక మహిళ: "అన్నయ్యగారూ, మేం మంచుబూట్లు వేసుకుని వెళ్లేది ప్రశాంతత కోసం. మీ బండి శబ్దం కొండ అవతలి నుంచి కూడా వినిపిస్తుంది. దానికేమంటారు?")

మంచి ప్రశ్న అమ్మా. వినిపిస్తుంది, కాదనను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి పూర్తి వేగంలో 50 అడుగుల దూరాన 78 డెసిబెల్స్ దాటకూడదని పరిశ్రమ ప్రమాణం. అసలు దోషులు సైలెన్సర్ పీకేసి, అరిచే గొట్టాలు తగిలించుకునే కుర్రాళ్లు. వాళ్లను పట్టుకుని జరిమానా వేయమని మేమే అడుగుతున్నాం. దాని కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మీరు కారు ఆపిన చోటు నుంచి ఎంత దూరం నడుస్తారు? రెండు మైళ్లు, మహా అయితే మూడు. మా బండికి నలభై మైళ్లు ఒక లెక్క కాదు. కాబట్టి కార్లు ఆగే చోటు పక్కనున్న వాలులు మీకు. మా దారి వాటి మధ్య నుంచి నెమ్మదిగా దాటిపోవాలి, అక్కడ ఆటలు ఉండకూడదు. దూరపు కనుమలు మాకు వదలాలి. మా వాళ్లలో కొందరికి నా ఈ మాట నచ్చదు. నేను మాత్రం ఏ సమావేశంలోనైనా ఇదే చెబుతాను. విచిత్రం ఏమిటంటే, పటాల్లో మూతపడేవి తరచుగా ఆ దూరపు కనుమలే. మంచుబూట్లవాళ్లు ఎవరూ చేరలేని చోటు, వాళ్ల ప్రశాంతత పేరుతో మూతపడుతోంది.

"మరి జంతువులు?" అంటారు. ఇది నేను తేలిగ్గా తీసుకోను. మన మెక్‌కాల్ పైన కొండల్లో వుల్వరిన్ అనే జంతువు ఉంది. నీటికుక్కల కుటుంబానిదే, మధ్యరకం కుక్కంత ఉంటుంది, మొండితనంలో ఎలుగుబంటికి తాత. ఆడది లోతైన మంచులో సొరంగం తవ్వి పిల్లల్ని పెడుతుంది. 2023 నవంబరులో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాని మీద ఐడహో, మోంటానా, వయోమింగ్‌లలో కొన్నేళ్లపాటు జరిగిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. జంతువులకు కాలర్లు కట్టారు. మనుషులు ఎక్కడ తిరుగుతున్నారో తెలియడానికి స్నోమొబైలర్లకు, స్కీయర్లకు జీపీఎస్ పరికరాలు ఇచ్చారు. జేబులో పెట్టుకుని తిరిగి సాయంత్రం తిరిగిచ్చారు మా వాళ్లు. మా తిరుగుడు మీద మేమే సాక్ష్యం ఇచ్చామన్నమాట.

తేలినదేమిటి? వుల్వరిన్ మోటారున్నవాళ్ల నుంచీ తప్పుకుంటుంది, మోటారు లేని స్కీయర్ల నుంచీ తప్పుకుంటుంది. దారి పట్టుకుని పోయేవాళ్ల కంటే దారి వదిలి చెల్లాచెదురుగా తిరిగేవాళ్లు దాన్ని ఎక్కువ ఇబ్బంది పెడతారు. మేం ఎక్కువ నేల తిరుగుతాం కనుక మా వాటా పెద్దదే. అయితే మందు ఏమిటి? ఆడది పిల్లలతో ఉండే లోయను ఆ నెలల్లో అందరికీ మూసేయండి, స్కీలకూ స్లెడ్లకూ. ఏ తేదీన మూస్తున్నారో, ఏ తేదీన తెరుస్తారో బోర్డు మీద రాయండి. మన్ననూరు గేటు లాగే. ఒక పక్క స్కీయర్లను పోనిచ్చి, ఇంకో పక్క మాకు తాళం వేసి, వుల్వరిన్ కోసం అంటే ఆ జంతువు కూడా ఒప్పుకోదు.

ఇక గడువు సంగతి. 1977లో కాంగ్రెసు మోంటానాలో తొమ్మిది అటవీ ప్రాంతాలను పరిశీలించమంది. వన్యక్షేత్రాలుగా పనికొస్తాయో లేదో ఐదేళ్లలో చెప్పమంది. అప్పటిదాకా వాటి స్వభావం చెడకుండా చూడమంది. వాటిలో చాలా ప్రాంతాలు ఈ రోజుకీ అదే పరిశీలనలో ఉన్నాయి. ఐదేళ్ల పని అర్ధశతాబ్దానికి వచ్చింది. మన సివిల్ కోర్టు కేసులు కూడా వాటిని చూసి గర్వపడతాయి. (నవ్వులు) ఈ లోపు కోర్టు తీర్పుల వల్ల అక్కడ మోటారు దారులు తగ్గుతూ వచ్చాయి. ఐడహో, మోంటానా సరిహద్దులో గ్రేట్ బర్న్ అనే ప్రాంతం ఉంది. 1910లో మహా అగ్నిప్రమాదం జరిగిన కొండలు. దాన్ని వన్యక్షేత్రం చేయాలని అటవీ శాఖ సిఫారసు చేసింది. సిఫారసు మాత్రమే, కాంగ్రెసు ఓటు వేయలేదు. అయినా మన వైపున్న క్లియర్‌వాటర్ అడవి ప్రయాణ ప్రణాళిక స్లెడ్లను బయటికి పంపింది. పెళ్లిచూపులకు వచ్చినవాడు పిల్లను ఇంటికి తీసుకుపోయినట్టు ఉంది.

అదే కాంగ్రెసు కూర్చుని మాట్లాడినప్పుడు ఎలా ఉంటుందో మన రాష్ట్రంలోనే ఉంది. 1980లో ఏర్పడి, తర్వాత ఫ్రాంక్ చర్చ్ పేరు తగిలించుకున్న వన్యక్షేత్రం, 23 లక్షల ఎకరాల పైచిలుకు. అలాస్కా కాక దేశంలో ఒకే ముక్కగా ఇంత పెద్ద వన్యక్షేత్రం ఇంకొకటి లేదు. అందులో చిన్న విమానాలు దిగే పట్టీలు ఈనాటికీ ఉన్నాయి, సామన్ నది మీద జెట్ పడవలు తిరుగుతాయి. ఎందుకంటే అప్పటికే అక్కడ వాటిని వాడుకుంటున్నవాళ్లు బల్ల దగ్గర కూర్చున్నారు, చట్టంలో వాళ్ల మాట రాయించుకున్నారు. వన్యక్షేత్రంలోనే అది సాధ్యమైనప్పుడు మామూలు అడవిలో ఎందుకు కాదు?

డబ్బు గురించి ఒక్క మాట. మనం ఏటా స్లెడ్ మీద అతికించే స్టిక్కరు ఫీజులో అధిక భాగం కౌంటీలు మంచుదారులు చదును చేయడానికి పోతుంది. ఆ దారుల మీద స్కీయర్లు, లావు టైర్ల సైకిళ్లవాళ్లు కూడా హాయిగా వెళ్తారు, వెళ్లనివ్వండి. 1991 నుంచి ఫెడరల్ పథకం ఒకటి ఉంది. రోడ్డు వదిలి తిరిగే బండ్లు కాల్చే పెట్రోలు మీది పన్నుతో దారులకు నిధులిస్తారు. అందులో 30 శాతం మోటారు దారులకు, 30 శాతం మోటారు లేని దారులకు, మిగిలిన 40 అందరూ వాడుకునే వాటికి. ఇది దెప్పిపొడవడానికి చెప్పడం లేదు. అయినా పటం గీసేటప్పుడు ఈ లెక్క ఎవరో ఒకరు గుర్తుచేయాలి కదా.

ఇక మీతో పని. అటవీ శాఖ ప్రణాళిక ముసాయిదా వచ్చినప్పుడు ప్రజల అభిప్రాయం అడుగుతుంది. గడువులోగా లిఖితపూర్వకంగా, ఫలానా చోటు గురించి ఫలానా మాట అని రాసినవాళ్లకే తర్వాత అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది. అప్పుడు ఊరుకుని, పటం అచ్చయ్యాక లబోదిబోమంటే కాగితం తీసుకోరు. మా పెద్దాయన అలాగే ఊరుకున్నాడు. "మాకు స్వేచ్ఛ కావాలి" అని రాస్తే అది బుట్టలోకే. "ఫలానా వాగు పక్క దారిలో ఇన్నేళ్లుగా జనవరిలో వెళ్తున్నాను, అక్కడ స్కీయర్లు ఎవరూ కనబడలేదు, ఆ లోయ మూయడానికి కారణం ఏమిటి, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారు" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. స్లెడ్ లేనివాళ్లు కూడా రాయండి. మంచుబూట్లవాళ్లు, నా మాట తప్పనిపిస్తే అదే రాయండి. మీకు కావలసిన వాలు పేరు మాత్రం రాయండి, అడవి మొత్తం అని రాయకండి.

వెనక బల్ల మీద పాత పటం, కొత్త పటం పక్కపక్కన పరిచాను. పెన్సిళ్లు ఉన్నాయి. మీరు వెళ్లే చోటు చుట్టూ సున్నా చుట్టండి. పెద్దాయన కూడా వచ్చాడు, ఆ మూల కుర్చీలో ఉన్నాడు, తెలుగు రాదు కానీ పెసరట్టు అంటే తల తిప్పుతాడు. (నవ్వులు) ఆయన కొండ ఎక్కడో ఆయన్నే అడగండి, చూపిస్తాడు.